చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

వ్యాపారము జరిగే ప్రతి చోట రెండు కథలు ఒకేసారి నడుస్తూ ఉంటవి. ఒకటి సరుకు కథ: బస్తాలు వచ్చినవి, గిడ్డంగిలో దిగినవి, సగము అమ్ముడుపోయినవి, కొన్ని అరువుకు వెళ్లినవి. రెండవది డబ్బు కథ: ఎవరి పేర జమ, ఎవరి పేర ఖర్చు, చివరకు నిలువ ఎంత. మన పాత కొట్లలో ఏ రోజు జరిగినదానిని ఆ రోజు చిట్టా చెప్పేది. ఎవరి లెక్క ఎంతవరకు వచ్చినదో ఆవర్జా చెప్పేది. సాయంకాలము దీపము వెలిగించిన తరువాత గుమాస్తా రెండు పుస్తకములను ముందు పరచుకొని, చిట్టాలోని ప్రతి పద్దును ఆవర్జాలో దాని చోటికి చేర్చి, పెట్టెలోని రొక్కముతో నిలువ సరిచూచేవాడు. తేడా వచ్చినదంటే, ఆ తేడా ఎక్కడ పుట్టినదో తెలిసినదాకా అతనికి నిద్ర ఉండేది కాదు.

ఆ గుమాస్తా పని ఇప్పుడు కంప్యూటరుకు చేరినది. సరుకు, ఆర్డర్లు, జీతములు, రవాణా చూచే ప్రోగ్రాము ఒకటి. జమాఖర్చులు చూచే ప్రోగ్రాము మరొకటి. ఈ రెండూ ఒక మాట చెప్పినంతకాలము ఎవరికీ వాటి ధ్యాసయే ఉండదు. అవి రెండు మాటలు చెప్పినప్పుడు ఏది నమ్మవలెను? ఈ ప్రశ్న కేవలము యంత్రనిపుణులకు సంబంధించినదని అనుకొనుట పొరపాటు. దీనికి తప్పు సమాధానము చెప్పినందువలన ఒక దేశములో వందలాది నిరపరాధులు దొంగలుగా ముద్రపడినారు. ఆ చరిత్రను మొదటినుండి చెప్పుటకు ఈ ప్రసంగములో ప్రయత్నిస్తాము.

రెండు పుస్తకముల సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు. 1494లో వెనిస్ నగరములో లూకా పచియోలీ అనే క్రైస్తవ సన్యాసి ప్రకటించిన గణితగ్రంథములో జంటపద్దుల విధానమునకు ఒక భాగము కేటాయించినాడు. అక్కడి వర్తకులు మూడు పుస్తకములు వాడేవారు. జరిగినదానిని జరిగినట్లు గబగబ వ్రాసే పుస్తకము మొదటిది. దానిని తీర్చి వ్రాసే దినవహి రెండవది. పేరుపేరున లెక్కలు చూపే పెద్ద పుస్తకము మూడవది. ఒకదానినుండి మరొకదానికి పద్దు ఎక్కినప్పుడు గుర్తు పెట్టవలెనని, రెండుసార్లు ఎక్కకుండ, అసలు ఎక్కకుండ పోకుండ కాపాడుకొనవలెనని ఆ విధానము నేర్పినది. ఆ రెండు భయములే నేటి ప్రోగ్రాములనూ వెన్నాడుతున్నవి.

వ్యాపారపు లెక్కలకు కంప్యూటరును మొదట కట్టినవారు యంత్రశాస్త్రజ్ఞులు కారు, తేనీటి వర్తకులు. జె. లయన్స్ అనే బ్రిటిషు కంపెనీకి తేనీటిశాలలు, రొట్టెల కర్మాగారములు ఉండేవి. 1947లో ఆ కంపెనీ ఉద్యోగులు ఇద్దరు అమెరికా వెళ్లి, యుద్ధకాలములో పుట్టిన కొత్త గణకయంత్రముల సంగతి విని వచ్చినారు. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ ఎడ్సాక్ అనే యంత్రమును నిర్మిస్తున్నాడని తెలిసి, కంపెనీ ఆయనకు 3,000 పౌనులు, ఒక మనిషి సాయము ఇచ్చినది. 1949 మే 6న ఎడ్సాక్ పనిచేసినది. దాని నమూనాపై లయన్స్ వారు లండనులోని తమ క్యాడ్బీ హాలులో లియో అనే యంత్రమును కట్టుకొన్నారు. 1951 నవంబరులో అది రొట్టెలు, కేకుల తయారీకి వారము వారము అయిన ఖర్చును లెక్కకట్టినది. వ్యాపారములో నిత్యకృత్యముగా కంప్యూటరు చేసిన మొదటి పని అదియే.

లియో పనులను రూపొందించిన బృందమునకు డేవిడ్ కామినర్ నాయకుడు. ఆయన పద్ధతిలో ఒక ముఖ్యసూత్రము కనబడుతుంది. తేనీటిశాలనుండి వచ్చిన ఆర్డరు అంకె ఒక్కసారి యంత్రములోనికి వెళ్లవలెను. సరుకు పంపే జాబితాకూ, లెక్కలకూ, యజమాన్యమునకు ఇచ్చే నివేదికకూ ఆ ఒక్క అంకెయే ఆధారము కావలెను. చిట్టా, ఆవర్జా ఒకే చేతితో వ్రాసినట్లు అన్నమాట. యంత్రము ఒకటే, కంపెనీ ఒకటే, దానిని రూపొందించినవారూ ఒకే గదిలోనివారు గనుక ఈ సూత్రము అక్కడ చెల్లినది.

యంత్రములు పెరిగినకొద్దీ ఆ ఏకత్వము చెదరినది. ఒక కంపెనీ యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము మరొక కంపెనీ యంత్రముపై నడవదు. ఈ చిక్కును తీర్చుటకు 1959లో అమెరికాలో ప్రభుత్వము, తయారీదారులు, వాడుకదారులు కలిసి కోబాల్ అనే వ్యాపారభాషను రూపొందించినారు. గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన కృషి దానికి పునాది. 1960 డిసెంబరులో దాదాపు ఒకే ప్రోగ్రాము రెండు వేర్వేరు కంపెనీల యంత్రములపై నడిచినది. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. కంపెనీ సిస్టం 360 అనే యంత్రకుటుంబమును ప్రకటించినది. చిన్న యంత్రముపై వ్రాసినది పెద్ద యంత్రముపైనా నడుస్తుందని హామీ ఇచ్చినది.

భాష ఒకటైనంతమాత్రమున భావము ఒకటి కాదు. "అమ్మకము" అనే మాటను తీసుకొనండి. తిరిగి అమ్మేవానికి ఆర్డరు చేతికి వచ్చినప్పుడే అమ్మకము. గిడ్డంగివానికి సరుకు గేటు దాటినప్పుడు అమ్మకము. లెక్కలవానికి బిల్లు వ్రాసినప్పుడు అమ్మకము. మార్చి 30న ఆర్డరు వచ్చి, 31న సరుకు బయలుదేరి, ఏప్రిల్ 2న బిల్లు తయారైనదనుకొందాము. ముగ్గురి ప్రోగ్రాములూ నిజమే చెప్పినవి. అయినా మార్చి 31తో ముగిసే సంవత్సరపు అమ్మకములు రెండు రకములుగా తేలుతవి. ఇక్కడ యంత్రము తప్పేమీ లేదు. మనుష్యులు ముందుగా కూర్చుండి ఒక మాటకు ఒక అర్థము నిర్ణయించుకొనకపోవుట తప్పు.

రెండవ రకము తగవు కాలమువలన వస్తుంది. పగలంతా ఒక ప్రోగ్రాములో పోగైన పద్దులను రాత్రి మూటకట్టి రెండవదానికి పంపుట చిరకాలము సాగిన పద్ధతి. దారిలో మూట చిరిగితే కొన్ని పద్దులు రాలిపోతవి. చేరినదో లేదోనని అనుమానించి మరల పంపితే ఒకే పద్దు రెండుసార్లు పడుతుంది. పచియోలీ నాటి భయము మళ్లీ ఎదురైనది.

మూడవ రకము తగవు ఒకే యంత్రముపై కాపురమున్న రెండు ప్రోగ్రాములది. 1990 దశకములో విండోస్ వాడిన కార్యాలయములన్నిటికీ ఇది అనుభవమే. అనేక ప్రోగ్రాములు కొన్ని ఫైళ్లను ఉమ్మడిగా వాడుకొనేవి. లెక్కల ప్రోగ్రాము ఒక ఫైలును ఒక రూపములో కోరుతుంది. కొత్తగా ఎక్కించిన సరుకుల ప్రోగ్రాము అదే పేరుగల మరొక రూపమును దానిపై వ్రాసిపోతుంది. మరునాడు లెక్కల ప్రోగ్రాము లేవదు. ఉమ్మడి బావికి ఒకరు కొత్త గిలక బిగించగా, పొరుగువారి తాడు దానికి పట్టనట్లు అయినది. నిపుణులు దీనికి "డి.ఎల్.ఎల్. నరకము" అని పేరు పెట్టినారు. విండోస్ 2000 వచ్చినప్పుడు ముఖ్యమైన ఫైళ్లను ఎవరు మార్చినా వెనుకటి రూపమును తిరిగి నిలిపే కాపలా ఏర్పడినది. తరువాత ఒకే ఫైలు వేర్వేరు రూపములు పక్కపక్కన ఉండి, ఎవరికి కావలసినది వారు వాడుకొనే పద్ధతి బలపడినది. ఈ తగవు అన్నిటిలో చిన్నది. ఎందుకనగా ఇందులో ప్రోగ్రాము ఆగిపోతుంది గాని అబద్ధము చెప్పదు.

పెద్ద తగవులకు పెద్ద పరిష్కారము వెదకినవారిలో జర్మనీకి చెందిన అయిదుగురు ప్రముఖులు. 1972లో డీట్మార్ హాప్, హాసో ప్లాట్నర్, క్లౌస్ వెల్లెన్‌రాయిటర్, క్లౌస్ చీరా, హాన్స్ వెర్నర్ హెక్టర్ ఐ.బి.ఎం. ఉద్యోగములు వదలి శాప్ అనే సంస్థను స్థాపించినారు. వారి మొదటి ఖాతాదారు ఓస్ట్రింగెనులోని ఐ.సి.ఐ. వారి నైలాన్ కర్మాగారము. సరుకు గిడ్డంగిలో దిగినదని వ్రాసిన క్షణముననే ఆ పద్దు లెక్కల పుస్తకములోను పడవలెనన్నది వారి ఆశయము. రాత్రి మూట లేదు. రెండు పుస్తకములు లేవు. ఉన్నది ఒకే నిలయము, చూచే కిటికీలు మాత్రము అనేకము. 1992లో వచ్చిన వారి ఆర్/3 ప్రపంచమంతటా పెద్ద కంపెనీలకు పాకినది. ఆ ప్రోగ్రాములను నెలకొల్పే పని ఎందరో తెలుగు యువకులకు దేశవిదేశములలో జీవనోపాధి అయినది.

ఈ పద్ధతికి వెన్నెముక ఒక చిన్న నియమము. సరుకు పద్దు, డబ్బు పద్దు కలిపి ఒకే కట్ట. కట్టంతా పడవలెను, లేదా ఏమీ పడకూడదు. సగము పడిన తరువాత కరెంటు పోతే, యంత్రము లేచిన వెంటనే పడిన సగమును కూడ తుడిచివేయవలెను. తాళి కట్టి సంతకము చేయకుండ సగము పెండ్లి చేసుకొన్నామని ఎవరూ అనరు గదా! పద్దు విషయములోను అంతే.

అయితే ఒకే నిలయము కూడ సర్వరోగనివారిణి కాదు. అమెరికాలో మిఠాయిలు తయారుచేసే హెర్షీ కంపెనీ 1999లో 11 కోట్ల 20 లక్షల డాలర్ల ఖర్చుతో మూడు పెద్ద ప్రోగ్రాములను ఒకేసారి ప్రవేశపెట్టినది. వాటిలో శాప్ ఒకటి. తక్కిన రెండు ఖాతాదారుల వ్యవహారమునకు, సరఫరాకు వేరు సంస్థలు చేసినవి. మిఠాయిలకు అత్యంత గిరాకీ ఉండే హాలోవీన్ పండుగ ముందర ఆ మార్పు జరిగినది. సరుకు ఉన్నది, ఆర్డర్లు ఉన్నవి. రెండిటినీ కలిపే దారి చెదరినది. 10 కోట్ల డాలర్లకు పైబడిన ఆర్డర్లు అందించలేకపోయినారు. ఆ త్రైమాసములో లాభము వెనుకటి ఏటికంటె 19 శాతము పడిపోయినది. కొత్త పుస్తకము తెరచినప్పుడు పాత పుస్తకమును కొంతకాలము ప్రక్కన నడిపి, రెండిటినీ సరిచూచి, అప్పుడు పాతది మూయవలెనన్న గుమాస్తాల నీతి పాతబడలేదని దీనివలన తేలినది.

హెర్షీ నష్టము డబ్బు నష్టము. మరుసటి సంవత్సరములలో అది పూడిపోయినది. అదే 1999లో బ్రిటనులో మొదలైన మరొక వ్యవహారములో నష్టపోయినవి జీవితములు.

బ్రిటిషు పోస్టాఫీసు తన శాఖలన్నిటిలో హొరైజన్ అనే ప్రోగ్రామును నెలకొల్పినది. స్టాంపులు అమ్ముట, పెన్షన్లు చెల్లించుట, రొక్కము లెక్కించుట అన్నియు దాని ద్వారానే. దానిని చేసినది ఐ.సి.ఎల్. అనే సంస్థ, తరువాత దానిని కలుపుకొన్న ఫుజిత్సు. చరిత్రలో ఒక విచిత్రము ఇక్కడ ఉన్నది. లయన్స్ వారి లియో విభాగము 1963లో ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీతో కలిసినది. ఆ వంశము 1968లో ఐ.సి.ఎల్.లో లీనమైనది, 1990లో ఐ.సి.ఎల్.లో 80 శాతము వాటాను ఫుజిత్సు కొన్నది. రొట్టెల లెక్కను నిజాయితీగా కట్టిన యంత్రపు వంశములోనే హొరైజన్ పుట్టినది.

శాఖను నడిపే పోస్టుమాస్టర్లలో చాలమంది ఊరి కొట్టు నడుపుకొనే సామాన్యులు. సాయంకాలము వారి చేతిలోని రొక్కము ఒకటి చెప్పినది. హొరైజన్ ఖాతా మరొకటి చెప్పినది. లోటును వారే పూడ్చవలెనని పోస్టాఫీసు పట్టుబట్టినది. ఇల్లు తాకట్టు పెట్టి పూడ్చినవారున్నారు. పూడ్చలేనివారిపై దొంగతనము, తప్పుడు లెక్కల నేరములు మోపబడినవి. చివరకు 900 మందికి పైగా శిక్షలకు గురియైనారు.

లోట్లు ఎట్లు పుట్టినవి? తరువాత బయటపడిన ఉదాహరణలు రెండు చెబుతాము. స్కాట్లండులో ఫాల్కర్క్ పట్టణపు కాలెండర్ స్క్వేర్ శాఖలో ఒక కౌంటరులో వ్రాసిన బదిలీ పద్దు మరొక కౌంటరుకు కనబడలేదు. కనబడలేదు గనుక మరల వ్రాయబడినది. లెక్కలో రెండుసార్లు పడినది. డల్మెల్లింగ్టన్ అనే ఊరి శాఖలో 2015లో 8,000 పౌనుల రొక్కమును నమోదు చేయగా తెర కదలలేదు. మీట మరల మరల నొక్కినారు. నొక్కిన ప్రతిసారి 8,000 చొప్పున ఖాతాలో 32,000 పడినవి. చేతిలో ఉన్నవి 8,000 మాత్రమే. తక్కిన 24,000 ఎక్కడ అని ఖాతా అడుగుతుంది. మంచి ప్రోగ్రాము అయితే ప్రతి మూటకు ఉన్న నెంబరు చూచి, "ఈ మూట ఇదివరకే వచ్చినది" అని రెండవ నొక్కును త్రోసిపుచ్చవలెను. ఆ చిన్న జాగ్రత్త అక్కడ లోపించినది.

లోపములు లేని ప్రోగ్రాము లోకములో లేదు. ఇక్కడ అపరాధము లోపము ఉండుట కాదు. రెండు సాక్ష్యములు తగవులాడినప్పుడు విచారణ లేకుండ యంత్రమును నమ్ముట. ఇంగ్లండు చట్టములో కంప్యూటరు సాక్ష్యము సరియైనదేనని మొదట ఋజువు చేయవలెనని ఒక నిబంధన ఉండేది. 1999 నాటి చట్టము దానిని రద్దుచేసినది. అటుపిమ్మట యంత్రము సవ్యముగా పనిచేస్తున్నదనియే న్యాయస్థానము భావిస్తుంది; కాదనేవాడు చూపవలెను. ఊరి పోస్టుమాస్టరు ఏమి చూపగలడు? ప్రోగ్రాము లోపలి పుస్తకములు అతని చేతిలో లేవు. పైగా ఫుజిత్సు ఉద్యోగులు దూరమునుండి శాఖ ఖాతాలో పద్దులు చేర్చగలరన్న సంగతి కూడ అతనికి తెలియనీయలేదు.

అలన్ బేట్స్ అనే మాజీ పోస్టుమాస్టరు నాయకత్వమున 555 మంది కలిసి వ్యాజ్యము వేసినారు. 2019 డిసెంబరు 16న న్యాయమూర్తి ఫ్రేజర్ హొరైజనులో దోషములు ఉన్నవనీ, శాఖల లెక్కలలో తేడాలు వాటివలన రాగలవనీ తీర్పు చెప్పినాడు. 2021 ఏప్రిల్ 23న అప్పీలు న్యాయస్థానము 39 మంది శిక్షలను కొట్టివేసినది. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి తక్కిన వందలాది శిక్షలను ఒక్కసారిగా రద్దుచేసినది. 2025 జూలైలో వెలువడిన విచారణసంఘపు తొలి సంపుటము, ఈ వ్యవహారము కారణముగా కనీసము 13 మంది ప్రాణము తీసుకొని ఉండవచ్చునని పేర్కొన్నది. పోయినవారికి ఏ చట్టము న్యాయము చేయగలదు?

యంత్రముల తగవును మరుగుపరచినందువలన ఏమవుతుందో మన హైదరాబాదు చరిత్ర కూడ చెబుతున్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన రొక్కపు నిలువలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని లేఖ వ్రాసినాడు. దర్యాప్తులో సి.బి.ఐ. 7,561 బూటకపు బిల్లులను చూపినది; వాటి విలువ 5,117 కోట్ల రూపాయలు. ఆ బిల్లులకు మరుగు గుర్తు పెట్టుటచేత అవి తక్కిన విభాగములవారికి కనబడలేదు. లెక్కలలో మాత్రము ఆదాయముగా పడినవి. పని జరిగినదో లేదో చెప్పే ప్రోగ్రాములు వేరుగా ఉన్నవి. బిల్లు ఉన్నది గాని దాని వెనుక పని లేదు. రెండిటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచిననాడు గుట్టు బయటపడినది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము నిందితులకు శిక్ష విధించినది. వారు అప్పీలు చేసుకొనగా శిక్ష అమలు నిలిపివేయబడినది.

బ్రిటనులో తేడా కనబడినది, మనుష్యుని శిక్షించినారు. హైదరాబాదులో తేడాను కనబడకుండ చేసినారు. రెండు చోట్లా జరగవలసిన పని ఒకటే: తేడాను వెలుగులో పెట్టి, దాని పుట్టుక వెదకుట.

మన దేశములో 2023 ఏప్రిల్ 1నుండి ఒక మంచి నిబంధన అమలులోనికి వచ్చినది. లెక్కలకు సాఫ్టువేరు వాడే ప్రతి కంపెనీ, ఏ పద్దు ఎప్పుడు మారినదో తనంతట తాను వ్రాసిపెట్టే సాఫ్టువేరునే వాడవలెను. ఆ జాడను ఎవరూ ఆపివేయకూడదు. చిట్టాలో కొట్టివేసిన పద్దుపై అడ్డగీత కనబడవలెను గాని కాగితము చింపకూడదన్న పాత నియమమే ఇది.

కంపెనీలకే గాక చిన్న కొట్లకు కూడ ఈ చరిత్ర పనికివస్తుంది. బిల్లులకు ఒక ప్రోగ్రాము, లెక్కలకు టాలీ వంటి మరొక ప్రోగ్రాము వాడే గృహస్థులు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. అట్టివారు గుర్తుంచుకొనదగినవి నాలుగు. ప్రతి బిల్లుకు రెండు ప్రోగ్రాములలోను ఒకే నెంబరు ఉండవలెను. ఏ అంకెకు ఏ ప్రోగ్రాము యజమాని యో ముందే నిర్ణయించుకొని, దానిని అక్కడనే దిద్దవలెను. నెలాఖరు దాకా ఆగక ఏ రోజు తేడాను ఆ రోజే చూడవలెను. ప్రోగ్రామును మార్చేముందు పాత లెక్కకు నకలు తీసి వేరుచోట భద్రపరచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది అయిదవది. తేడా వచ్చిననాడు ఎదుటి మనిషిని దొంగ అనేముందు రెండు పుస్తకములనూ తెరచి చూడవలెను. పూర్వపు గుమాస్తా దీపము వెలుగులో చేసిన పని అదే. యంత్రము అతనికంటె లక్షరెట్లు వేగముగా కూడగలదు. సందేహించుట మాత్రము ఇప్పటికీ మనుష్యుని పనియే.